అడిగి వేసే అడుగు

పెళ్లి, పొలం, చదువు, బాప్తిస్మం: నిర్ణయానికి ముందు దేవుని చిత్తం కోరడం కృష్ణా మెట్ట క్రైస్తవులకు నూట అరవై ఏళ్లు దాటిన అలవాటు

ముఖ్యమైన పని ఏదైనా తలపెట్టే ముందు దేవుని చిత్తం కోరడం క్రైస్తవ జీవితంలో తొలినుంచీ ఉన్న క్రమం. నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల సంఘాల్లో దీన్ని నడిపింపు అడగడం అంటారు. పిల్లకు సంబంధం వచ్చినా, పక్క చేను కౌలుకు దొరికినా, కొడుకును విజయవాడ కాలేజీలో చేర్చాలా హైదరాబాదు పంపాలా అన్న మాట లేచినా, ఇల్లు కట్టడానికి అప్పు చేయాల్సి వచ్చినా ఇంటి పెద్ద అక్కడికక్కడే మాట ఇవ్వడు. "ప్రార్థన చేసుకుని చెబుతామండీ" అంటాడు. అవతలివాళ్లూ విశ్వాసులైతే ఆ మాటకు నొచ్చుకోరు. గడువిచ్చి వెళతారు.

దీని వెనుక ఉన్న నమ్మకం సూటిగానే ఉంటుంది. దేవుడు మనిషి బతుకులో చిన్న సంగతులను కూడా పట్టించుకుంటాడు, మనిషికి కనపడని మలుపు ఆయనకు కనపడుతుంది, అడిగినవాడికి దారి చెప్పడం ఆయనకు ఇష్టం. జ్ఞానం కొరవడినవాడు దేవుణ్ని అడగాలని యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చెబుతుంది. సొంత తెలివినే నమ్ముకోవద్దని సామెతల గ్రంథం మూడో అధ్యాయం చెబుతుంది.

చుట్టూ ఉన్న సమాజానికీ అడగడం కొత్తేమీ కాదు. పంచాంగం చూపించుకోవడం, ముహూర్తం పెట్టించుకోవడం, సోది చెప్పించుకోవడం, పెనుగంచిప్రోలు తిరుపతమ్మకు మొక్కుకోవడం ఈ మెట్ట ఊళ్లలో తరతరాలుగా ఉన్నవే. క్రైస్తవులైన కుటుంబాలు ముహూర్తాన్ని వదిలేశాయి. అయితే ముహూర్తంతోపాటు దాని వెనుక ఉన్న భయం కూడా పోయిందా అన్నది ఇంటింటికీ తేడాగా ఉంటుంది. మంగళవారం కొత్త పని మొదలుపెట్టని విశ్వాసులు ఉన్నారు. వాస్తు చూపించి గుమ్మం మార్పించి, ఆ తర్వాత పాస్టరు గారిని గృహప్రతిష్ఠకు పిలిచేవాళ్లూ ఉన్నారు. ముహూర్తం అడిగేవాడు పని ఎప్పుడు చేయాలో తెలుసుకోవాలనుకుంటాడు. నడిపింపు అడిగేవాడు ఆ పని చేయాలా వద్దా అన్నదాన్నే దేవుని ముందు పెడతాడు. రెండోది చాలా కష్టం. వద్దు అన్న జవాబుకు సిద్ధపడితే తప్ప ఆ ప్రార్థన నోట రాదు.

ముందు అడిగినవాళ్లు, తేల్చుకుని అడిగినవాళ్లు

బైబిల్లో ఈ విషయానికి దావీదు కంటే మంచి ఉదాహరణ లేదు. రాజైన సౌలు తరుముతుండగా దావీదు కెయీలా అనే ఊరిని ఫిలిష్తీయుల చేతిలోంచి కాపాడాడు. సౌలు అక్కడికీ వస్తాడేమోనని అనుమానం వచ్చినప్పుడు యాజకుడైన అబ్యాతారును, దేవుణ్ని అడిగేటప్పుడు వాడే యాజక వస్త్రమైన ఏఫోదు తెమ్మని చెప్పి రెండు ప్రశ్నలు అడిగాడు. సౌలు వస్తాడా? వస్తాడు. ఊరివాళ్లు నన్ను పట్టిస్తారా? పట్టిస్తారు. దావీదు వెంటనే తన మనుషులతో ఊరు విడిచాడు. ఆ సంగతి తెలిసి సౌలు రావడం మానుకున్నాడు. జాగ్రత్తగా చూస్తే చెప్పిన రెండూ జరగలేదు. జరగకుండా తప్పించడానికే జవాబు వచ్చింది. నడిపింపును జ్యోతిషంగా భావించేవాళ్లు మొదటి సమూయేలు ఇరవై మూడో అధ్యాయాన్ని నిదానంగా చదవాలి. దేవుడు దావీదుకు చెప్పింది అప్పుడు ఎటు కదలాలో తేల్చుకోవడానికి సరిపోయినంత మాత్రమే.

దావీదు కాపురమున్న సిక్లగు సంగతి ఇంకా గట్టిది. ఊరు కాలిపోయింది, భార్యాపిల్లలను అమాలేకీయులు ఎత్తుకుపోయారు, సొంత మనుషులే దావీదును రాళ్లతో కొట్టాలని చూస్తున్నారు. అలాంటి గంటలో తరమాలా వద్దా అని అడగాల్సిన అవసరం ఎవరికీ తోచదు. దావీదు అడిగాడు, జవాబు విన్నాకే బయలుదేరాడు.

అడగనివాళ్ల కథలూ బైబిలు దాచలేదు. గిబియోనీయులు పాచి రొట్టెలు, చిరిగిన ద్రాక్షారసపు తిత్తులు, పాత చెప్పులతో వచ్చి దూరదేశం వాళ్లమని నమ్మించారు. యెహోషువ, పెద్దలు ఆ రొట్టెలు చూసి నమ్మారు, దేవుణ్ని అడగకుండానే ఒడంబడిక చేసుకున్నారు. మూడు రోజులకు వాళ్లు పొరుగువాళ్లేనని తేలింది. యెహోషువను, పెద్దలను మోసం చేసింది కళ్లకు కనిపించిన సాక్ష్యమే. సంబంధం చూడబోయి అబ్బాయి జీతం, అమ్మాయి రంగు, ఇంటి మేడ చూసి ఆ పూటే తాంబూలాలు మార్చుకునే ఇళ్లకు ఈ కథ దగ్గరగా ఉంటుంది.

అన్నిటికంటే లోతుగా తాకేది యిర్మీయా నలభై రెండో అధ్యాయం. యెరూషలేము కూలిపోయాక మిగిలిన జనం యోహానాను నాయకత్వంలో ప్రవక్త దగ్గరికి వచ్చారు. ఎక్కడికి వెళ్లాలో దేవుణ్ని అడగమన్నారు. మేలైనా కీడైనా ఆ మాట వింటామని ప్రమాణం చేశారు. పది రోజుల తర్వాత జవాబు వచ్చింది: ఈ దేశంలోనే ఉండండి, ఐగుప్తుకు వెళ్లవద్దు. వాళ్లు ప్రవక్తను అబద్ధికుడన్నారు, ఐగుప్తుకే వెళ్లారు, యిర్మీయాను కూడా వెంట తీసుకెళ్లారు. అసలు సంగతి ఏమిటంటే, అడిగే నాటికే వాళ్ల ప్రయాణం మనసులో ఖాయమైంది. కావాల్సింది ఆమోదం. ఈ పది రోజుల కథ ప్రతి సంఘంలోనూ ఏదో ఒక రూపంలో జరుగుతూనే ఉంటుంది. మండపానికి బయానా ఇచ్చాక "ఈ సంబంధం ప్రార్థనలో పెట్టండి అయ్యగారూ" అని వచ్చేవాళ్లకు కాపరి చెప్పగలిగింది తక్కువ.

రాఘవాపురం వెంకయ్య

ఈ ప్రాంతంలో సంఘం పుట్టిందే అలాంటి ఒక అడగడంతో. నందిగామ మండలంలోని రాఘవాపురంలో మాల కులానికి చెందిన పగోలు వెంకయ్య అనే పెద్ద మనిషి ఉండేవాడు. 1849 ప్రాంతంలో ఆయనకు ఒక మాట చెవిన పడింది. విగ్రహాల్లో దేవుడు లేడని, దేవుడు ఒక్కడేనని ఒక దొర చెబుతున్నాడని ఎవరో చెప్పారు. అంతకు మించి ఏమీ తెలియదు. ఆ దొర ఎవరో, ఆ దేవుని పేరేమిటో చెప్పేవాళ్లు లేరు. పుస్తకం లేదు, పాస్టరు లేడు, గుడి లేదు. వెంకయ్య విగ్రహారాధన మానేశాడు. ఆ తెలియని దేవుణ్నే ఉద్దేశించి నీవెవరు, ఎక్కడున్నావు, నాకు కనపడు అని వేడుకోవడం మొదలుపెట్టాడు. తనవాళ్లను కూడా ఆ ప్రార్థనలోకి తెచ్చాడు. అది సుమారు పదేళ్లు సాగింది.

చర్చి మిషనరీ సొసైటీ తెలుగు పని 1841లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్‌తో మొదలైంది. ఆ పనిలోనే తర్వాత బెజవాడకు వచ్చిన టి.వై. డార్లింగ్ ఏళ్ల తరబడి ప్రకటించినా చెప్పుకోదగ్గ ఫలితం చూడలేదు. 1859లో వెంకయ్య బెజవాడలో ఆయన్ని కలిశాడు. క్రీస్తు గురించి విన్నప్పుడు తాను ఇన్నాళ్లూ వెతుకుతున్నది ఈ దేవుణ్నేనని ఆయనకు వెంటనే తెలిసిపోయిందని మిషన్ చరిత్రకారులు రాశారు. అదే ఏడు రాఘవాపురంలో వెంకయ్యకు, ఆయన కుటుంబానికి, మరికొందరికి బాప్తిస్మం జరిగింది. వెంకయ్య ఆ తర్వాత జీవితమంతా చుట్టుపక్కల ఊళ్లు తిరిగి సువార్త చెప్పాడు. కృష్ణా మెట్టలో మాలపల్లెల నుంచి సంఘాలు లేచినప్పుడు వాటికి మూలపురుషుడిగా చెప్పుకున్నది ఆయన్నే.

నడిపింపు గురించి రాసే పుస్తకాల్లో ఈ పదేళ్లకు దక్కాల్సిన చోటు దక్కలేదు. వెంకయ్య ప్రార్థనలో పెళ్లి, పొలం, రోగం ఏవీ లేవు. అడిగింది దారి చూపేవాణ్నే. జవాబు రాని పదేళ్లలో ఆయన పాత దేవుళ్ల దగ్గరికి తిరిగి వెళ్లలేదు. ఉన్న కొంచెం వెలుగు ప్రకారం నడిచాడు. ఆయన తెలుసుకున్న మొదటి సత్యం విగ్రహాలను వదలడం. రెండో సత్యం తెలియడానికి ముందే మొదటిదాన్ని ఆచరణలో పెట్టాడు. దేవుని చిత్తం తెలియడం లేదని బాధపడేవాళ్లలో చాలామంది, తెలిసినంత మేరకు చేశామా అన్న ప్రశ్న దగ్గర ఆగరు. వెంకయ్య బలమంతా అక్కడే ఉంది.

ఒంగోలు పుస్తకాలు, పల్లావరం కొండ

తెలుగు నేల మీద ఒక నిర్ణయానికి ముందు దేవుణ్ని అడిగిన ఘట్టాల్లో ఎక్కువగా చెప్పుకునేది ఒంగోలుది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. పట్టణంలోని పై కులాలవారు తమ పిల్లలకు బడి పెట్టమన్నారు, ఆయన పెట్టాడు. అంతలో ఊళ్లనుంచి మాదిగలు బాప్తిస్మం కోసం వచ్చారు. వాళ్లను చేర్చుకుంటే తమ పిల్లలు బడికి రారని పట్టణం పెద్దలు తేల్చి చెప్పారు. ఒకవైపు పలుకుబడి, విద్య, పట్టణంలో నిలదొక్కుకునే అవకాశం. మరోవైపు ఊరికి అవతల ఉన్న పల్లెలు.

క్లౌ తన గదిలోకి వెళ్లి ప్రార్థించాడు. అక్కడున్న బైబిళ్లలో ఒకటి చేతికి తీసుకుంటే మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం తెరుచుకుంది. లోకం నీచులని తోసేసినవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం అది. అదే సమయంలో ఆయన భార్య హారియెట్ వేరే గదిలో ఆ అధ్యాయమే చదివింది. ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నప్పుడు ఆ సంగతి బయటపడింది. మాదిగలకు తలుపు తెరిచారు, బడి పోయింది.

ఈ కథ విన్నవాళ్లు పుస్తకం తెరుచుకున్న తీరు దగ్గరే ఆగిపోతే పెద్ద విషయం తప్పిపోతుంది. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టిన చోటల్లా దేవుని జవాబు ఉంటుందని ఇది రుజువు చేయదు. క్లౌ దంపతులకు వచ్చిన వచనం సువార్తల్లో యేసు నడిచిన తీరుకు పూర్తిగా సరిపోయింది. ఇద్దరికి విడివిడిగా వచ్చింది. పైగా వాళ్లకు లాభం తెచ్చే జవాబు కాదది. మనిషికి అనుకూలంగా వచ్చే వచనం కంటే నష్టం తెచ్చే వచనాన్ని నమ్మడం క్షేమం.

ఇదే క్లౌ పదేళ్ల తర్వాత ఆగడం కూడా నేర్చుకున్నాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్లు ఎందరో. ఆకలి వల్ల అడుగుతున్నారో విశ్వాసం వల్ల అడుగుతున్నారో తెలియనప్పుడు ఇవ్వకూడదని ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కరువు సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ సంఖ్య అందరికీ తెలుసు, దానికి ముందు నిలిచిన ఏడాది అంతగా తెలియదు.

ఇరవయ్యో శతాబ్దంలో తెలుగు విశ్వాసులకు ఈ క్రమశిక్షణను గట్టిగా నేర్పినవాడు భక్తసింగ్. పంజాబులో పుట్టి, ఇంజినీరింగ్ చదివి, 1933లో విదేశాల నుంచి తిరిగొచ్చి ప్రసంగికుడైన ఆయన 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండమీద కొందరు సోదరులతో రాత్రంతా ప్రార్థించి, ఆ తర్వాతే యెహోవా షమ్మా సంఘాన్ని మొదలుపెట్టాడు. 1950లో హైదరాబాదులో ఆయన సహవాసానికి కేంద్రంగా హెబ్రోను వచ్చింది. మిషన్ జీతాలు లేని ఆ సహవాసంలో ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నా, ఎక్కడ స్థలం కొనాలన్నా పెద్దలు మోకాళ్లమీద కనిపెట్టాలి. కృష్ణా, గుంటూరు, ఖమ్మం జిల్లాల ఊళ్లలో ఆ పద్ధతిలో పెరిగిన సంఘాల్లో పెద్దలందరికీ ఏకమనస్సు కుదిరేదాకా నిర్ణయం తీసుకోకపోవడం ఇప్పటికీ నియమం. దీనికి ముందే 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురంలో పని మొదలుపెట్టిన బౌడెన్, బీర్ దంపతుల ద్వారా ఇలాంటి విశ్వాస జీవితం గోదావరి డెల్టాకు చేరింది. వాళ్లను తీసుకొచ్చిన ఆంథొనీ గ్రోవ్స్ బ్రిస్టల్ అనాథాశ్రమాల జార్జి ముల్లర్‌కు బావమరిది. ఏ విషయంలోనైనా ముందు తన సొంత ఇష్టాన్ని పక్కన పెట్టేదాకా ప్రార్థించేవాడినని ముల్లర్ చెప్పుకున్నాడు. అంత చేశాక జవాబు తెలుసుకోవడం పెద్ద కష్టం కాదన్నది ఆయన అనుభవం.

ఇళ్లలో జరిగే తీరు

ఈ మెట్ట ఊళ్లలో ఒక కుటుంబం నడిపింపు అడిగే తీరు హడావిడి లేనిది. పొలం పని, సిమెంటు ఫ్యాక్టరీ షిఫ్టు ముగిశాక రాత్రి అన్నానికి ముందో తర్వాతో చాప పరుస్తారు. ఒక కీర్తన, ఒక అధ్యాయం, ఆ తర్వాత మోకాళ్ల ప్రార్థన. విషయం పిల్లల ముందే పేరుపెట్టి చెబుతారు: బోరు వేయించాలా, అక్కను నర్సింగులో చేర్చాలా. శుక్రవారం ఉపవాస కూడికలో తల్లి అదే మనవిని స్త్రీల ముందు పెడుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక చీటీ రాసి పాస్టరు గారికి ఇస్తారు. ఇలా రెండు మూడు వారాలు గడిచేసరికి విషయం పదిమంది మనసుల్లో నలుగుతుంది. వాళ్లలో అనుభవం ఉన్నవాళ్లు ఒక మాట అంటారు: "అక్కడ నీళ్లు పడవురా అబ్బాయ్, మీ నాన్న రోజుల్లోనే వేసి చూశారు." అది కూడా దేవుని జవాబులో భాగమే. ఆలోచన చెప్పేవాళ్లు ఎక్కువమంది ఉన్న చోట క్షేమం ఉంటుందని సామెతల గ్రంథం చెప్పేది ఇలాంటి మాట గురించే.

సాధారణంగా చూసేవి నాలుగు సంగతులు: వాక్యం ఏమంటోంది, పెద్దలు ఏమంటున్నారు, పరిస్థితులు ఎటు తిరుగుతున్నాయి, ప్రార్థించాక మనసులో సమాధానం ఉందా. నాలుగూ ఒక వైపు చూపితే ముందుకు వెళతారు. వీటిలో చివరిదే ఎక్కువ మోసం చేసేది. కోరుకున్నది దొరుకుతుందన్న సంబరం కూడా సమాధానంలాగే ఉంటుంది. యోనా దేవుని మాటకు ఎదురుతిరిగి ఓడ అడుగున హాయిగా నిద్రపోయాడు. గెత్సేమనేలో తండ్రి చిత్తానికి పూర్తిగా లోబడిన యేసుకు ఆ రాత్రి చెమట రక్తబిందువుల్లా కారింది.

కతోలిక కుటుంబాల్లో దీనికి వేరే మార్గాలు ఉన్నాయి. నవదిన ప్రార్థనలు, గురువుల సలహా, ఇగ్నేషియస్ లొయోలా 1548లో ముద్రించిన ఆధ్యాత్మిక సాధనలనుంచి వచ్చిన ధ్యానాలు వాళ్లకు ఆధారం. ఫిబ్రవరి 11న గుణదల మాత ఉత్సవానికి ఈ ప్రాంతంనుంచి వెళ్లేవాళ్లలో మొక్కు తీర్చుకునేవాళ్లు ఎక్కువ. మొక్కు కోరినదాన్ని ఇమ్మని అడుగుతుంది. కోరికే సరైనదా అని అడగడం దాని తర్వాతి మెట్టు.

సంబంధం విషయంలో ఆదికాండం ఇరవై నాలుగో అధ్యాయాన్ని ఎక్కువమంది తలుచుకుంటారు. అబ్రాహాము సేవకుడు బావి దగ్గర ఒక గుర్తు అడిగాడు. తనకు నీళ్లిచ్చి ఒంటెలకు కూడా చేదిపోసే పిల్లే యజమాని కొడుక్కి భార్య కావాలన్నాడు. రిబ్కా అచ్చం అలాగే చేసింది. పెద్దలు ఇది దేవుని కార్యమని ఒప్పుకున్నారు. ప్రసంగాల్లో సాధారణంగా ఇక్కడితో ముగిస్తారు. ఆ అధ్యాయం చివర పెద్దలు పిల్లను పిలిచి, ఈ మనిషితో వెళతావా అని అడిగారు. ఆమె వెళతానంది. అంత స్పష్టమైన గుర్తు వచ్చాక కూడా పిల్ల ఇష్టం అడగడం మానలేదు. "దేవుని చిత్తమమ్మా, కాదనకు" అని కూతురి నోరు మూయించే ఇళ్లకు ఈ వాక్యభాగం తగిన జవాబు. చర్చిలో వరుసగా మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదవడం కూడా ఇలాంటి కాపలాయే. కుటుంబానికి దొరికిందనుకున్న నడిపింపును సంఘం ముందు బహిరంగంగా పరీక్షకు పెట్టడం అది.

అడగనక్కర లేనివి కొన్ని ఉన్నాయి. కట్నం తీసుకోవాలా అని ప్రార్థించాల్సిన పని లేదు. 1961 చట్టం దాన్ని నిషేధించింది. పొరుగువాడి సొత్తు ఆశించవద్దన్న ఆజ్ఞ అంతకు ఎన్నో వేల ఏళ్ల ముందే ఉంది. అయినా కట్నం మాట ఒప్పుకున్నాకే సంబంధాన్ని ప్రార్థనలో పెట్టే కుటుంబాలకు సంఘాల్లో కొదవ లేదు. కులం చూసి వచ్చిన సంబంధాలకే దేవుని చిత్తం ఉంటుందని నమ్మేవాళ్లూ అంతే. వెంకయ్యను మాల అనీ, ఒంగోలు విశ్వాసులను మాదిగలనీ దూరం పెట్టిన గీతను చర్చి గోడల లోపల కూడా గీసుకుని, ఆ గీత ఇవతలే నడిపింపు ఇమ్మని అడగడం దేవుణ్ని అడగడం అవుతుందా అన్నది ఆలోచించాలి. దేవుడు ముందే చెప్పినదాన్ని మళ్లీ అడగడం ఎక్కువసార్లు తప్పించుకోవడానికే.

బాప్తిస్మం కూడా ఇలాంటి నిర్ణయమే, అయితే దాని బరువు వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్లిన దళితుడికి షెడ్యూల్డ్ కులం హోదా ఉండదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా వర్తింపజేశారు గాని క్రైస్తవులకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు బీసీ-సి కిందికి వస్తారు. దాంతో పిల్లల చదువు, ఉద్యోగం, స్థానిక ఎన్నికల్లో పోటీ అన్నీ ఈ ఒక్క నిర్ణయంతో ముడిపడి ఉంటాయి. ఏళ్లతరబడి ఆరాధనకు వస్తూ బాప్తిస్మం దగ్గర ఆగిపోయిన కుటుంబాలకు ఇది పెద్ద మథనం. వాళ్లను పిరికివాళ్లని తీసిపారేయడం తేలిక. సర్టిఫికెట్టు మీద రాసిన మాటకు, ప్రభువు ముందు ఒప్పుకున్న మాటకు తేడా లేకుండా బతకాలన్న తపనతో ఎన్నో రాత్రులు మోకాళ్ల మీద గడిపినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

కార్డులు, చీట్లు, ప్రవచనాలు

డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో పన్నెండు కొట్టే వేళకు సంఘమంతా మోకరిస్తుంది. లేచాక శుభాకాంక్షలు చెప్పుకుని వరుసగా ముందుకు వస్తారు. బల్లమీద స్టీలు పళ్లెంలో బోర్లించిన వాగ్దాన కార్డులు ఉంటాయి. ముసలమ్మలు కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటారు, చదువు రానివాళ్లు పక్కనున్న పిల్లలతో చదివించుకుంటారు. ఆ కార్డు ఏడాదంతా బైబిలు అట్టలోనో బీరువా అద్దం అంచునో ఉంటుంది. ఆ వచనంతో నిరాశ గట్టెక్కినవాళ్లు ఎందరో ఉన్నారు.

కార్డు ఆదరణ ఇస్తుంది. దాన్ని నిర్ణయానికి ఆధారం చేసుకోవడం వేరే సంగతి. విస్తరిస్తావు అన్న వచనం వచ్చిందని మరో అయిదెకరాలు కౌలుకు తీసుకుని అప్పులపాలైతే తప్పు వచనానిది కాదు. జర్మనీలోని మొరేవియన్ సంఘం 1731 నుంచి రోజుకో వచనాన్ని ముందుగా చీట్లు తీసి ఎంచి పుస్తకంగా అచ్చువేస్తోంది. ఒకప్పుడు వాళ్లు పెళ్లిళ్లకు కూడా చీట్లు వేసేవాళ్లు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో పెళ్లి విషయంలో ఆ కట్టుబాటు ఎత్తేశారు, దినవచనం మాత్రం ఉంచుకున్నారు. అది వివేకమైన తేడా. బైబిల్లోనూ చీట్లు ఉన్నాయి. యూదా స్థానంలో మత్తీయను ఎంచుకోవడానికి అపొస్తలులు చీట్లు వేశారు. పెంతెకొస్తు దినాన ఆత్మ దిగివచ్చాక కొత్త నిబంధనలో సంఘం మళ్లీ చీట్లు వేసినట్టు లేదు. అంతియొకయలో బర్నబాను, పౌలును పంపేటప్పుడు ఉపవాసం, ప్రార్థన. యెరూషలేము ఆలోచన సభలో వాదన, సాక్ష్యం, లేఖనాలను పోల్చి చూడడం.

ప్రవచనాల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇటీవలి ఏళ్లలో సభల్లో పేరుపెట్టి పిలిచి, ఫలానా నెలలో వీసా వస్తుంది, ఫలానా సంబంధం చేసుకో అని చెప్పేవాళ్లు పెరిగారు. ఆ మాటకు కానుక ముడిపడి ఉంటే అక్కడే ఆగిపోవాలి. నిజమైన ప్రవక్త కూడా తన అభిప్రాయాన్ని దేవుని మాటగా పొరబడగలడు. దావీదు మందిరం కట్టాలనుకున్నప్పుడు నాతాను మంచిది, చేయి అన్నాడు. ఆ రాత్రి దేవుడు వద్దన్నాడు. నాతాను తిరిగి రాజు దగ్గరికి వెళ్లి ముందు చెప్పినదాన్ని సరిచేశాడు. అలా తిరిగి వచ్చి దిద్దుకునే వినయం ఉన్న ప్రవక్తలు అప్పుడూ అరుదే, ఇప్పుడూ అరుదే. యెరూషలేముకు వెళితే బంధకాలు తప్పవని అగబు అనే ప్రవక్త పౌలుకు చెప్పాడు, కైసరయ విశ్వాసులు వెళ్లవద్దని బతిమాలారు. అగబు చెప్పింది నిజమే. అయినా పౌలు వెళ్లాడు. తన పని ఏమిటో పౌలు దేవుని ముందే తేల్చుకున్నాడు. ఆ తీర్మానాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

వైద్యం విషయంలో ఒక్క మాట చాలు. ప్రవక్త యెషయా జబ్బుపడిన రాజు హిజ్కియాకు దేవుడు ఆయుష్షు పొడిగించాడని చెప్పి, ఆయన పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. ప్రార్థన చేస్తూనే ఆసుపత్రికి వెళ్లాలి.

జవాబు వచ్చాక

నడిపింపు అడిగి చేసిన పని తప్పక ఫలిస్తుందన్న నమ్మకం సాక్ష్యాల కూటాల్లో పెరుగుతుంది. అక్కడికి గెలిచినవాళ్లే వస్తారు. 2021-22లో నల్ల తామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాల్లో మిర్చి తోటలను ఎండబెట్టినప్పుడు ప్రార్థించి నాటిన రైతులూ అడగకుండా నాటినవాళ్లూ ఒకే తీరుగా నష్టపోయారు. అలాంటి ఏడు "మరి దేవుడే వేయమన్నాడన్నావుగా" అని చుట్టాలు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని విశ్వాసులు కొందరు ప్రార్థననే మానేస్తారు. తాము విన్నది తప్పని అనుకునేవాళ్లు కొందరు.

అపొస్తలుల కార్యాలు పదహారో అధ్యాయం ఇక్కడ తోడు నిలుస్తుంది. ఆసియాలో వాక్యం చెప్పవద్దని పౌలును ఆత్మ ఆపింది, బితూనియ వైపు వెళ్లబోతే అటూ ఆపింది. త్రోయలో రాత్రి దర్శనంలో మాసిదోనియ మనిషి ఒకడు వచ్చి సాయం చేయమని వేడుకున్నాడు. ఇంత స్పష్టమైన పిలుపు పౌలు జీవితంలో కొద్దిసార్లే వచ్చింది. ఆ పిలుపు విని ఫిలిప్పీ వెళితే బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండవేసి చెరసాలలో పడేశారు. దర్శనం తప్పా అని పౌలు, సీలలు ఆ రాత్రి ప్రశ్నించుకున్నట్టు లేదు. ఆ చెరసాల అధికారి కుటుంబమే తెల్లవారకముందు బాప్తిస్మం పొందింది.

ఒకసారి వచ్చిన జవాబు ఎన్నాళ్లు పనిచేస్తుందన్నది చివరి సంగతి. నిరుడు పత్తి వేయమన్న నడిపింపు ఈ ఏటికి చెల్లదు. పెద్దబ్బాయిని హైదరాబాదు పంపడం మంచిదైందని చిన్నవాణ్ని కూడా అడగకుండా పంపేస్తారు. అలవాటైన దారిలో అడగడం మర్చిపోవడం అందరికీ సహజం, ఏళ్ల తరబడి నడిపింపు రుచి చూసినవాళ్లకు మరీ సహజం. దావీదు రాజైన కొత్తలో ఫిలిష్తీయులు రెఫాయీము లోయలో దిగారు. దావీదు దేవుణ్ని అడిగాడు. వెళ్లమని జవాబు వచ్చింది, వెళ్లి గెలిచాడు. కొన్నాళ్లకు అదే శత్రువు అదే లోయలో మళ్లీ దిగాడు. దావీదు మళ్లీ అడిగాడు. ఈసారి ఎదురుగా వెళ్లవద్దు, చుట్టూ తిరిగి కంబళి చెట్ల వైపునుంచి వెళ్లు, ఆ చెట్ల కొనల్లో అడుగుల చప్పుడు వినిపించేదాకా కదలవద్దు అని జవాబు వచ్చింది. దావీదు అలాగే ఆగి, చప్పుడు విన్నాక కదిలి, ఫిలిష్తీయులను గెబ నుంచి గెజెరు దాకా తరిమాడు.